అటకమీది క్యాసెట్లు



మన సంఘములలో ఏ పాత కుటుంబపు యింటికి పోయి అటకమీద చూచినను, ఇత్తడి బిందెల చాటున నల్లని పెట్టెలు రెండో మూడో కనబడును. వాటి వీపుమీద బాల్‌పెన్నుతో ‘పెద్దమ్మాయి పెండ్లి’ అనియో, ‘క్రిస్మసు’ అనియో, ‘బాప్తిస్మము’ అనియో వ్రాసియుండును. అవి వీడియో క్యాసెట్లు. ఒక కాలమున మన ప్రాంతములో పెండ్లి చేసినవారు అప్పు చేసియైనను వీడియో తీయించిరి. నేడు వాటిని చూచుటకు ఇంట యంత్రము లేదు. పారవేయుటకు మనసు రాదు. కనుక అవి అటకమీదనే యున్నవి.

కొంతకాలముగా హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతపు సంఘములలో తిరుగుచు, ఇట్టి క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించు పనిలో మా యువజనులతోకూడ నేనును చేయి వేసితిని. ఏబది దాటిన నాకు ఈ పని కొత్త. అయినను వేదాంత కళాశాలలో నేర్పని పాఠములు కొన్ని ఇందులో నేర్చుకొంటిని. మీలో అనేకులకు ఈ పని అవసరమగును గనుక వాటిని వ్రాయుచున్నాను.

మొదట ఆ పెట్టెలో ఏమున్నదో తెలిసికొనవలెను. వి.హెచ్.ఎస్. అను ఈ క్యాసెట్టును జపానులోని జె.వి.సి. కంపెనీవారు 1976లో అమ్మకమునకు తెచ్చిరి. లోపల అర అంగుళము వెడల్పుగల సన్నని ప్లాస్టిక్కు టేపు ఉండును. మూడు గంటల క్యాసెట్టులో అది సుమారు 250 మీటర్ల పొడవు. దానిమీద ఇనుప తుప్పువంటి పొడి జిగురుతో పూయబడియుండును. ఆ పొడిలోని అయస్కాంతపు గుర్తులే మన బొమ్మలు, మన మాటలు. ఏండ్లు గడచిన కొలది జిగురు పట్టు వదలును, గుర్తులు బలహీనపడును. తేమ తగిలినచోట బూజు పట్టును. మన సీమలో వాన తక్కువ గనుక బూజు విషయములో కోస్తావారికంటె మనకు మేలే. కాని రేకుల యింటి అటకమీది వేసవి వేడియు, మన యెఱ్ఱ దుమ్మును టేపునకు శత్రువులు.

యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును కొని, ఆ క్రయపత్రమును మంటికుండలో పెట్టి దాచుమని బారూకుతో చెప్పిన సంగతి మీకు తెలిసినదే. మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలలో 1947లో కుండలలో దొరికిన గ్రంథపు చుట్టలు రెండువేల ఏండ్లనాటివి. వాటిని విప్పిన పండితులకు కావలసినది కన్నులును, ఆ భాషాజ్ఞానమును మాత్రమే. మన క్యాసెట్టు అట్టిది కాదు. దానిని విప్పి దీపమునకు పట్టి చూచినను నల్లని టేపు తప్ప మరేమియు కానరాదు. దానిని చదువుటకు వి.సి.ఆర్. కావలెను. ఆ వి.సి.ఆర్.ల తయారీలో చివరివరకు నిలిచిన జపానుదేశపు ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆ పని చాలించెను. కనుక ఇప్పుడున్న యంత్రములే మిగిలిన యంత్రములు. వాటిని బాగుచేయగల ముసలి మెకానిక్కులు కూడ తగ్గిపోవుచున్నారు. తొలి తెలుగువారి మూగచిత్రమైన ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921లో వచ్చినది. నేడు దాని ప్రతి దొరకదు. థియేటరులలో ఆడిన బొమ్మకే ఆ గతి పట్టగా, మన యింటి బొమ్మను ఎవరు కాపాడుదురు? మనమే కాపాడుకొనవలెను.

ధర్మవరములో ఒక యింట క్యాసెట్టు ఎక్కడనని అడుగగా, ఆ యింటి తల్లి బీరువాలోని పెండ్లి పట్టుచీర మడతలలోనుండి దానిని తీసి యిచ్చెను. “చీరకు ఏడాదికోసారి మడత మారుస్తానయ్యగారూ, లేకపోతే మడతకాడ జరీ చిట్లిపోతాది. దీనికేం చేయాలో తెలీలేదు” అని ఆమె చెప్పెను. ఆమెకు తెలియకయే ఆమె చెప్పినది సరియైన మాట. టేపునకును అట్టిదే కావలెను. ఏండ్లతరబడి ఒకే చుట్టలో బిగిసియున్న టేపును వెంటనే ఆడింపరాదు. మొదట కొసవరకు త్రిప్పి, మరల మొదటికి చుట్టి, ఆ తరువాత ఆడింపవలెను. పట్టునేయు ఊరిలోని స్త్రీకి ఇంతకంటె వివరముగా చెప్పనక్కరలేకపోయెను.

పని చేయు విధము ఇది. క్యాసెట్టు వీపున ఒక మూల చిన్న ప్లాస్టిక్కు పలక యుండును. ముందుగా దానిని విరిచివేయవలెను; అప్పుడు పొరబాటున పాత బొమ్మమీద కొత్తది ఎక్కదు. పిదప కిటికీవంటి గాజులోనుండి చుట్ట అంచును చూడవలెను. తెల్లని బూజు కనబడినచో యంత్రములో పెట్టరాదు. ఆ బూజు యంత్రమునకును, అటుపై దానిలో పెట్టిన ప్రతి క్యాసెట్టునకును అంటుకొనును. బాగుగా నున్నచో వి.సి.ఆర్. వెనుకనుండి బొమ్మకు పసుపుపచ్చ తీగెను, శబ్దమునకు తెలుపు ఎఱుపు తీగెలను ఒక చిన్న క్యాప్చరు పరికరమునకు తగిలించి, దానిని కంప్యూటరునకు కలుపవలెను. ఇందులో తొందర చెల్లదు. మూడు గంటల టేపునకు మూడు గంటలు పట్టును. పెండ్లి ఎంతసేపు జరిగెనో అంతసేపును కూర్చుండి చూడవలసినదే.

ఎక్కించిన దానిని రెండు విధములుగా ఉంచవలెను. డి.వి. పద్ధతిలో గంటకు సుమారు 13 జీబీ పట్టు పెద్ద ప్రతి ఒకటి, అది దాచుటకు. సెల్‌ఫోనులో చూచుటకు చిన్న ప్రతి మరియొకటి. వాట్సాపులో వచ్చినదే చాలునని తృప్తిపడకుడి. అందులో పంపిన వీడియో సాధారణముగా కుదించబడి మసకబారును. పాత టీవీ బొమ్మ నాలుగుకు మూడు పాళ్ల ఆకారముగలది. కొత్త టీవీ నిండవలెనని దానిని ప్రక్కలకు సాగదీసినచో, సన్నని పెండ్లికుమారుడు కూడ రెడ్డిగారి యెద్దువలె కనబడును! ప్రతులు మూడు ఉండవలెను. వాటిలో ఒకటి వేరొక ఊరిలో, కూతురి యింటనో తమ్ముని యింటనో ఉంచుట మంచిది. అసలు క్యాసెట్టును మాత్రము పారవేయకుడి.

ఇన్ని గంటలు ఆ టేపుల ముందు కూర్చుండగా నాకు ఒక సంగతి తెలిసినది. ఆనాడు కెమెరావాడు పెండ్లికుమార్తె నగలను, ఊరి పెద్దలను, బహుమతుల బల్లను శ్రద్ధతో తీసెను. వధూవరులు నేటికిని మన మధ్య నున్నారు. కాని గంజి వార్చుచున్న వంటమనిషి, గుమ్మమునకు చేరగిలబడిన ముసలాయన, అడ్డము వచ్చి కసరబడిన పిల్లవాడు, వీరిలో అనేకులు లేరు. వారి ఫొటో మరెక్కడను లేదు. కాబట్టి పెద్ద ప్రతిలో విసుగు పుట్టించు భాగములని దేనిని కత్తిరింపకుడి. ఆనాడు అంచున నిలిచినవారికొరకే నేడు మనము ఆ టేపును వెదకుచున్నాము.

పెనుకొండ ప్రక్కనున్న ఒక గ్రామములో ఇది స్పష్టముగా చూచితిని. ఊరి పేరు చెప్పను; ఆ యింటివారి సెలవు పొందియే వ్రాయుచున్నాను. ఒక అవ్వ తన కూతురి పెండ్లి క్యాసెట్టును కొంగులో చుట్టుకొని తెచ్చెను. ఆమె కుమారుడు లారీ నడుపుచు యౌవనములోనే రోడ్డు ప్రమాదములో చనిపోయెను. “మొగము పటంలో ఉండాది అయ్యగారూ. గొంతే మరిచిపోయినాను. ఎంత జ్ఞాపకం చేసుకున్నా రాదు” అని ఆమె చెప్పెను.

రెండవ గంట దాటిన తరువాత పంక్తి భోజనముల దృశ్యము వచ్చెను. ఒక యువకుడు సాంబారు బకెట్టుతో నడచి వచ్చి, కెమెరాను చూడక, ప్రక్కకు తిరిగి, “అమా, నువ్వు తింటివా?” అని అడిగి వెళ్లిపోయెను. అంతే. మూడు నాలుగు క్షణములు. అవ్వ ఏడువలేదు. “ఇంగోసారి పెట్టండి” అనెను. పెట్టితిమి. ఇట్లు ఆరేడు మారులు. చివరకు, “తింటి నాయనా” అని టీవీతో చెప్పి కండ్లు తుడుచుకొనెను. ఆ గదిలోని మేము ఎవరమును కొంతసేపు మాటలాడలేదు.

మనుమలు సంతోషించి, “మొత్తం యూట్యూబులో పెడదాం. కువైటులో ఉండే చిన్నాయనా, బెంగుళూరోళ్లూ అందరూ చూస్తారు” అనిరి. అప్పుడు అవ్వ తెరమీద ఒక పడుచును చూపెను. ఆమె చనిపోయిన కుమారుని భార్య. అతని మరణము తరువాత ఆమెకు మరల వివాహమై వేరొక ఊరిలో కాపురమున్నది, పిల్లలు పెరిగిరి. “ముందు ఆ బిడ్డను అడగండి” అని అవ్వ చెప్పెను.

ఫోనుచేసి అడిగితిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, “నన్ను ఊరందరికీ చూపొద్దండి అయ్యగారూ. మా పిల్లోళ్ల ఫోన్లలో నేనట్లా కనబడితే వాళ్లకు బాధ” అని చెప్పి, మరల మెల్లగా, “ఆయన మాట వినబడే ముక్క ఉంటే నా ఒక్కదానికి పంపండి” అనెను.

మనుమలలో ఒకడు, “ఆమెను తీసేస్తే జరిగినదాన్ని మార్చినట్టు కాదా?” అని అడిగెను. అది తీసివేయదగిన ప్రశ్న కాదు. అయితే కప్పుట వేరు, చెరుపుట వేరు. నోవహు కుమారుల సంగతి జ్ఞాపకము చేసికొనుడి. ఒకడు తండ్రి స్థితిని చూచి బయట చెప్పెను. ఇద్దరు వెనుకకు నడచి వస్త్రము కప్పిరి. కప్పినవారు ఏ అబద్ధమును చెప్పలేదు. మేమును పెద్ద ప్రతిలో ఒక్క క్షణమునైనను చెరుపలేదు. అది ఆ కుటుంబపు హార్డ్‌డిస్కులో ఉన్నది. బంధువులకు పంపుటకు నలుబది నిమిషముల ప్రతిని వేరుగా చేసితిమి. అందులో ఆమె లేదు. ఆ మూడు క్షణముల ముక్కను ఆమెకు మాత్రము పంపితిమి. అందిన తరువాత ఆమె ఏమియు వ్రాయలేదు, మేమును అడుగలేదు.

2005లో ప్రారంభమైన యూట్యూబులో మనము వీడియో పెట్టునప్పుడు మూడు తలుపులు కలవు. ఒకటి ఎవరైనను చూచునది. రెండవది లింకు చేతనున్నవారు మాత్రము చూచునది. అయితే ఆ లింకును వారు మరొకరికి పంపవచ్చును. మూడవది మనము పేరుపేరున పిలిచినవారే చూచునది. ఇంటి బొమ్మకు సాధారణముగా మూడవ తలుపు చాలును. మన ఊరిలో పెండ్లికి ఇంటింటికి పోయి పిలుచుచున్నాము గదా, ఇదియు అట్టిదే.

బాప్తిస్మపు టేపుల విషయములో మరింత జాగ్రత్త కావలెను. నీటిలో దిగినవారిలో కొందరు ఊరు మారిరి, కొందరి పరిస్థితులు మారెను. అది వారు దేవుని యెదుట చేసిన తీర్మానము. సంఘము దానికి సాక్షి గాని యజమాని కాదు. ఒక్కొక్కరిని అడిగి, వద్దన్నవారిని కారణమడుగక విడిచిపెట్టుడి. చనిపోయినవారి విషయమైతే వారి యింటివారిని అడుగుడి. స్నానము చేయించుచున్న చిన్నబిడ్డల దృశ్యములను ఎవరు సరేయన్నను బయట పెట్టకుడి.

పాటలను గూర్చి ఒక మాట. నాటి వీడియోవారు బొమ్మలకు సినిమా పాటలు జతచేసిరి. యూట్యూబు యంత్రము ఆ పాటలను గుర్తుపట్టి, శబ్దమును ఆపవచ్చును, లేక ప్రకటనల రాబడిని హక్కుదారునకు ఇయ్యవచ్చును. మన దేశపు 1957 కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత కూడ 60 ఏండ్లు హక్కు నిలుచును. పందొమ్మిదవ శతాబ్దపు పురుషోత్తమ చౌధరిగారి కీర్తనలను మన సంఘము పాడినదానిని పెట్టుటకు అడ్డు లేదు. కాని అదే కీర్తనకు ఇటీవల ఒకరు చేసిన రికార్డింగు వారిది.

మీ యింట క్యాసెట్టు ఉన్నచో ఈ వేసవి రాకముందే అటక దింపుడి. మీకు చేతకానిచో మీ సంఘ యువజనులకు అప్పగించుడి. వారికి యంత్రము తెలియును. అయితే వారిని ఒంటరిగా వదలక, ఒక అవ్వనో తాతనో వారి ప్రక్కన కూర్చుండబెట్టుడి. తెరమీద కనబడువారి పేర్లు వారికే తెలియును. వారు చెప్పిన పేర్లను ఒక నోటుబుక్కులో వ్రాసికొనుడి. టేపుకంటె ముందు ఆ జ్ఞాపకము మాయమగుట మనము అనేకమారులు చూచియున్నాము. ఆ అవ్వ ఏ ముఖమును చూచి మౌనముగా నుండునో, ఆ ముఖమును బయట పెట్టుటకు ముందు ఒకమారు ఆగి, ఎవరిని అడుగవలెనో ఆమెనే అడుగుడి.