మంకీ క్యాపూ, తెల్ల టోపీ

మా కోనసీమ చలిని చలి అంటే లంబసింగి వాళ్లు నవ్వుతారు. మాది తడి చలి. ధనుర్మాసంలో కాలువల మీంచి లేచిన మంచు కొబ్బరాకుల కొసల్నించి టప్ టప్‌మని రోడ్డు మీద రాలుతుంది. అంబాజీపేట వైపు నుంచి బండారులంక మీదుగా అమలాపురానికి సైకిల్ మీద వచ్చే నాలాంటి విలేకరికి ఆ తడితోనే పేచీ.

సైకిలు తొక్కేవాడికి మందపాటి స్వెటర్ దండగ. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. సైకిల్ దిగగానే ఆ చెమటే వణికిస్తుంది. చలి తగిలేది ఛాతీకి, చెవులకి, వేళ్లకి. అందుకే చొక్కా లోపల పాత పేపరు మడిచి పెట్టుకుంటాను. గాలి ఆగుతుంది. ఫ్రాన్సు సైకిల్ పందేల వాళ్లు కొండలు దిగేటప్పుడు ఇదే చేసేవారు. నేను రాసిన వార్తలు ఊరికి ఏపాటి పనికొచ్చాయో గానీ, నా ఛాతీకి మాత్రం పనికొస్తున్నాయి.

చిక్కల్లా తల దగ్గరే. ఫజర్ నమాజు చదివి మసీదు నుంచి అటే బయల్దేరతాను. నెత్తిన తెల్ల టోపీ. అది చెవులు కప్పదు. దానిమీద మంకీ క్యాప్ తొడిగితే టీ కొట్టు దగ్గర "ఏవండీ మాస్టారూ" అంటారు. క్యాప్ తీస్తే "సాయిబు గారూ, మీవాళ్లేంటండీ అలాగ?" అంటారు. ఎక్కడో జరిగినదానికి జవాబు నేను చెప్పాలి. మనిషి అదే, సైకిలు అదే.

ఈ నెలల్లో మా రోడ్డు మీద అందరి మతమూ బట్టల్లో కనిపిస్తుంది. అయ్యప్పల నలుపు, భవానీల ఎరుపు, క్రిస్మస్ తాత టోపీలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. "స్వామీ" అని నేనే ముందు పలకరిస్తాను. వాళ్లనెవరూ సంజాయిషీ అడగరు. అడక్కూడదు కూడా. మరి నన్నెందుకు అడగాలి?

1992 నుంచీ డిసెంబరంటే మా ఇంట్లో వేరే వణుకు. 2019 డిసెంబరు 15న దుమ్కా సభలో ప్రధాని, నిప్పు పెట్టేవాళ్లెవరో బట్టలు చూస్తే తెలుస్తుందన్నారు. 2022లో కర్ణాటకలో తలగుడ్డ కప్పుకున్న ఆడపిల్లల్ని కాలేజీ గేట్ల దగ్గరే ఆపారు. "టోపీ జేబులో పెట్టుకెళ్లు బేటా" అంటుంది అమ్మీ.

మఫ్లర్ కొన్నాను. చెవుల మీంచి తెచ్చి గడ్డం కింద ముడేస్తాను. టోపీ నెత్తినే ఉంటుంది. దారిలో కనబడితే మీరూ పలకరించండి. ముందు మాత్రం చలెలా ఉందని అడగండి.