నాడి చూసిన వేళ్లు

"బొటనవేలితో నాడి చూడకూడదే. దానిలో మన నాడే కొట్టుకుంటూ ఉంటుంది. రోగి చెయ్యి పట్టుకుని మన గుండెని లెక్కపెట్టేసి చార్టులో రాసేస్తాం."

1993లో మిలటరీ నర్సింగ్ సర్వీస్‌లో లెఫ్టినెంట్‌గా చేరిన మొదటి వారంలోనే మా మేట్రన్ మేడమ్ ఈ మాట చెప్పారు. నర్సింగ్ స్కూల్లో చదివిన పాఠమే అది. కానీ ఆవిడ నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, వాచీ వంక చూస్తూ, నిమిషం నిండేదాకా పెదవి కదపకుండా నిలబడితేనే నాకు ఒంటపట్టింది. ఆవిడది విజయనగరం. నాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. వార్డులో ఉన్నంతసేపూ హిందీ, ఇంగ్లీషు. డ్యూటీ దిగి మెస్‌కి నడుస్తుంటే మాత్రం "ఏటే, తిన్నావా?" అనేవారు. ఇంటికి అంత దూరంలో ఆ ఒక్క ముక్క చాలు, కడుపు నిండేది.

అక్టోబరు 1 మా సర్వీస్ ఆవిర్భావ దినం. ఆ రోజు కొత్తగా వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఆవిడే కథ చెప్పేవారు. 1888లో పదిమంది నర్సులు ఇంగ్లండు నుంచి వచ్చి బొంబాయి రేవులో దిగడం, మొదటి ప్రపంచ యుద్ధంలో మన ఆడపిల్లలు సైనిక ఆస్పత్రుల్లోకి రావడం, 1926లో మన సర్వీస్ శాశ్వతంగా ఏర్పడటం, 1943 ఆర్డినెన్సుతో ఆఫీసర్ హోదా దక్కడం. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "భుజం మీది నక్షత్రం మనం సంపాదించింది కాదు, మన ముందువాళ్లు సంపాదించి మన చేతిలో పెట్టింది. మాసిపోనివ్వకండి."

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. అప్పటి నిబంధన అలాంటిది. పెళ్లి చేసుకుంటే సర్వీస్ నుంచి తీసేయొచ్చని 1977 నాటి ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్‌లో రాసి ఉండేది. "ఒకాయన మూడేళ్లు చూశారు నా కోసం. వార్డు వదిలి వెళ్లడానికి నాకే కాళ్లు రాలేదు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. 1995లో ఆ నిబంధన ఎత్తేశారు. కబురు తెలిసిన రోజు ఆవిడే నా గదికి వచ్చి, "నీకు అడ్డు లేదే ఇంక" అని నా తల నిమిరారు. 1997లో నా పెళ్లయింది. 1988లో పెళ్లి కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్న ఒక మిలటరీ నర్సుకి 60 లక్షల రూపాయలు చెల్లించమని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు నా తల నిమిరిన ఆ చెయ్యే నాకు గుర్తొచ్చింది. కోర్టు దాకా వెళ్లకుండా, బతుకునే ఆ నిబంధనకి సరిపెట్టుకున్న వాళ్లెందరో!

1999లో, కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు, నేను శ్రీనగర్ 92 బేస్ హాస్పిటల్‌లో ఉన్నాను. ద్రాస్, కార్గిల్ వైపు నుంచి హెలికాప్టర్లలో గాయపడినవాళ్లని తెచ్చేవారు. రెక్కల చప్పుడు వినగానే స్ట్రెచర్లు పరుగెత్తేవి. ముందు చెయ్యాల్సిన పని బూట్లు తియ్యడం. తడిసి, గడ్డకట్టి, వాచిన పాదాలకి అతుక్కుపోయి ఉండేవి. లాగితే తోలు ఊడి వస్తుంది. అందుకని ప్లాస్టర్ కత్తెరతో చీలమండ దగ్గర మొదలుపెట్టి వేళ్ల దాకా కోసేవాళ్లం. లోపల మూడు జతల మేజోళ్లు. ఒక్కో పొరా విప్పుతుంటే మట్టి, రక్తం, మంచునీళ్లు కలిసి చేతుల మీదుగా కారేవి. ఒక రాత్రి నేను ఎన్ని జతలు కోశానో తెలీదు. తెల్లారేసరికి నా బొటనవేలి మొదట్లో కత్తెర ఒరుసుకుని పుండు పడింది.

అలాంటి ఒక రాత్రి, ఒక కుర్రాడు నేను పక్కమంచం మీది మనిషితో మాట్లాడిన హిందీ యాస పట్టుకున్నాడు. "అక్కా, మీది మనవైపేనా?" అన్నాడు తెలుగులో. సోంపేట దగ్గర వాడట. ఇరవై రెండేళ్లు నిండి ఉండవు. మూడు వేళ్లు మణికట్టు మీద పెట్టాను. నాడి పరుగెడుతోంది. మర్నాడు మోకాలి కింద కాలు తీసేశారు. రెండు రోజులయ్యాక ఇన్‌ల్యాండ్ కవరు ఇచ్చి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. "కాలికి చిన్న దెబ్బ తగిలింది, సెలవు దొరకగానే వస్తాను, అమ్మని బెంగ పెట్టుకోవద్దను." నా చెయ్యి ఆగింది. "అలాగే రాయండక్కా. మిగతాది నేనెళ్లి చెప్పుకుంటాను" అన్నాడు. అలాగే రాశాను. ఆ యుద్ధంలో 527 మంది అమరులయ్యారని, 1,300 మందికి పైగా గాయపడ్డారని ప్రతి జులైలో అందరం చెప్పుకుంటాం. రెండో అంకె వినగానే నాకు ఆ నీలిరంగు కవరే కనిపిస్తుంది.

22 ఏళ్లు చేసి 2015లో ఇంటికొచ్చాను. ఆ డిసెంబరు 7న, సాయుధ దళాల పతాక దినోత్సవానికి ఒక స్కూలు వాళ్లు పిలిచారు. వేదిక మీద వరసగా మాజీ సైనికుల్ని పిలిచి శాలువాలు కప్పారు. నా వంతు వచ్చినప్పుడు మైకులో "మాజీ సైనికుని సతీమణి" అని వినిపించింది. మా ఆయన లెక్కల మాస్టారు, మిలటరీ గేటు లోపలికి అడుగుపెట్టింది నాతోనే. ఆ మాట అన్నవాళ్ల మనసులో చెడ్డేమీ లేదు. వాళ్ల ఊహలో సైనికుడంటే మగవాడు, అంతే. ఆరు నెలలకే, 2016 జూన్‌లో, మన హైదరాబాదు పక్కన దుండిగల్‌లో ముగ్గురు ఆడపిల్లలు మన దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా పరేడ్ చేసి బయటికొచ్చారు. టీవీలో చూస్తూ కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్లలు రిటైరై తమ ఊరి స్కూలుకి వెళ్లేనాటికైనా మైకులో మాట మారాలి.

మారాలంటే ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా! మా ప్రాంతంలో ఇంటికొకరు మిలటరీలో చేసిన ఊళ్లున్నాయి. నేను, ఒక రిటైర్డ్ సుబేదార్‌గారు, మరో ఇద్దరు హవల్దార్లు కలిసి మాజీ సైనికుల వివరాలు రాయడానికి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. పేరు, సర్వీస్ నంబరు, పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబరు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉందా లేదా, బీపీ, షుగరు. ఆఖరి గడి నేను గీయించాను: "ఎక్కడెక్కడ పనిచేశారు?" పనికి ఆ గడితో అవసరం లేదు. కానీ అది అడిగినప్పుడే పెద్దవాళ్లు కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

2022 నవంబరులో విజయనగరం నుంచి ఫోను. మేట్రన్ మేడమ్. గొంతు బాగా సన్నబడింది. "పింఛను పడటం లేదే, నాలుగు నెలలైంది" అన్నారు. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు! వెంటనే బస్సెక్కాను. ఏడాది కిందట, పింఛను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామని వెళితే మెషీన్ వేలిముద్ర తీసుకోలేదట. మళ్లీ మళ్లీ తిప్పారట. నాకూ చూపించమని ఆవిడ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ల కొసలు గాజులా నున్నగా ఉన్నాయి. వయసుకి చర్మం పలచబడటం ఒకటి, ముప్పై ఏళ్లు సబ్బునీళ్లలో, స్పిరిటులో నానిన చేతులు కావడం ఒకటి. ఎన్ని వేలమంది నాడి ఆ వేళ్ల కింద కొట్టుకుందో! ఆవిడ బతికే ఉన్నారని చెప్పడానికి ఆ వేళ్లకే గీత మిగల్లేదు.

వేలిముద్ర అక్కర్లేకుండా ఫోనులో ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అప్పటికే వచ్చి ఏడాదైంది. ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. కిటికీ దగ్గర వెలుతుర్లో కూర్చోబెట్టి, ఫోను ఎదురుగా పట్టుకుని, "కళ్లు ఒకసారి ఆర్పండి మేడమ్" అన్నాను. ఆర్పారు. కాసేపటికి మెసేజీ వచ్చింది. "అయిపోయిందా? ఇంతేనా?" అన్నారు. ఇంతే. ఈ ఇంతకే ఆవిడ నాలుగు నెలలు పాలు సగం చేసుకున్నారు. ఎదురింటి అమ్మాయి టీ తెచ్చి, "మామ్మగారు మిలటరీలో చేశారా? ఏదో పెద్దాసుపత్రిలో నర్సనుకున్నాం" అంది. పదిహేనేళ్లుగా గుమ్మానికి గుమ్మం ఎదురుగా ఉన్న ఇళ్లు అవి.

శాలువా కప్పడం తప్పని నేననను. కానీ శాలువా కప్పిన చేతులే నవంబరులో ఒకసారి తలుపు తట్టి, "లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా, మందులు అందుతున్నాయా" అని అడిగితే ఆ గౌరవం ఏడాదంతా నిలబడుతుంది. మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడని ఆవిడ భర్త ఉద్యోగం అడిగే ముందు ఆవిడ ఉద్యోగం అడగండి.

మరుసటి నవంబరు లైఫ్ సర్టిఫికెట్ల కోసం ఒక క్యాంపు మేడమ్ వరండాలోనే పెట్టాం. ఎదురింటి అమ్మాయి ఫోను పట్టుకుని అందరి ముఖాలూ తీసింది. మేడమ్ కుర్చీలో కూర్చుని, వచ్చిన ఒక ముసలి హవల్దారుగారి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి వాచీ వంక చూశారు. ఆయన ఏదో చెప్పబోతే ఆగమన్నట్టు తల ఊపారు. నిమిషం నిండాక నా వైపు తిరిగి, "డెబ్బై ఎనిమిది. రాసుకో" అన్నారు. రాసుకున్నాను.