రక్తకణం ఆయుష్షు ఎవరి చేతిలో ఉంది?

మన హాస్టల్‌లో పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరున్నారు. వారిలో ఒక తమ్ముడు చలికాలం వస్తే కీళ్ళనొప్పులతో మంచం దిగలేకపోయేవాడు. రక్తపరీక్ష చేసి సికిల్ సెల్ వ్యాధి అన్నారు. ఎమ్మెస్సీలో మార్కుల కోసం చదివిన జన్యునియంత్రణ పాఠాన్ని మేము మళ్ళీ మొదటినుంచి చదివింది అప్పుడే.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. స్టీల్‌ప్లాంట్‌లో ఏ యంత్రం ఎప్పుడు నడవాలో కంట్రోల్ రూమ్ చెప్పినట్టే, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు నిర్ణయిస్తాయి. కణం చావుబతుకులు కూడా వీటి మీద ఆధారపడి ఉంటాయి. గాటా-1 అనే ఫ్యాక్టర్ లేకపోతే ఎర్రకణంగా ఎదగవలసిన కణం మధ్యలోనే చనిపోతుంది.

తల్లి కడుపులో మనకు ఫీటల్ హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు బీసీఎల్11ఏ అనే మరో ఫ్యాక్టర్ దాని జన్యువును దాదాపుగా ఆపేస్తుంది. దాని స్థానంలో పెద్దల హిమోగ్లోబిన్ వస్తుంది. సికిల్ సెల్‌లో లోపమంతా ఈ పెద్దల హిమోగ్లోబిన్ జన్యువులోనే. మారింది ఒక్క అక్షరం! ఆక్సిజన్ తగ్గితే కణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ తమ్ముడి నొప్పి అదే. 120 రోజులు బతకవలసిన ఎర్రకణం 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది.

బీసీఎల్11ఏ ఇలా అడ్డుపడుతుందని 2008లో అమెరికాలో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది. ఆ అడ్డు తగ్గించే జన్యుచికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు! కొండమీది పేదవాడికి అది అందేదెప్పుడు? అయితే ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా మందు ఎప్పటినుంచో ఉంది. డాక్టరు పర్యవేక్షణలో వాడితే నొప్పులు తగ్గుతాయి. కానీ ముందు జబ్బు ఉందని తెలియాలి కదా! 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్, 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యంగా పెట్టుకుంది.

తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువును మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మోస్తున్నవారు మాత్రం సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అందుకే పెళ్ళికి ముందే పరీక్ష అవసరం. ఇది గాలి సోకడం కాదు, ఎవరి శాపమూ కాదు, సిగ్గుపడవలసిందీ కాదు. మనలో చాలామందిమి ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్ళం. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఈ మాట మన అమ్మానాన్నలకు అర్థమయ్యేలా చెప్పవలసింది మనమే.