మట్టికి అడ్డం ఎందుకు?

చావు మాట ఎత్తితే చాలు, "శుభమా అని ఇంట్లో కూచుని ఆ మాటలేమిటి?" అని కసురుతారు మన ఇళ్ళల్లో. పెళ్ళికి పచ్చళ్ళు ఎన్ని కేజీలు పట్టాలో ఆర్నెల్ల ముందే లెక్కలేసుకునే మనం, ఈ ఒక్క విషయం మాత్రం ఆ రోజొచ్చాక చూసుకుందాంలే అనుకుంటాం. తీరా ఆ రోజు వచ్చాక ఎవరో ఒకరు అన్నీ చకచకా పురమాయించేస్తారు. ఏడుస్తూ కూచున్న మనం తలూపుతాం.

మా అమ్మ అలా కానివ్వలేదు.

మాది గుంటూరు జిల్లాలో క్రైస్తవ కుటుంబం. మా వైపు ఎవరైనా పోతే వార్నీషు కొట్టి, లోపల సాటిన్ గుడ్డ పరిచిన పెట్టె తెస్తారు. సమాధుల తోటలో పూడ్చిపెట్టి, ఏడాది తిరక్కుండా సిమెంటు కట్టించి, పైన గ్రానైట్ వేయిస్తారు. వేయించకపోతే పిల్లలకి ప్రేమ లేదని నలుగురూ అనుకుంటారు. అమ్మ మాత్రం 2021లో, తన డెబ్భై ఆరో ఏట, "నాకవేం వద్దే. మామూలు చెక్కపెట్టె, నూలు చీర, పైన మట్టి. అంతే" అంది.

ఈ ఆలోచన ఆవిడకి పక్కింటి ముస్లిం పెద్దావిడ పోయినప్పుడు వచ్చింది. రేగాకులు, కర్పూరం వేసిన నీళ్ళతో స్నానం చేయించి, తెల్లటి నూలు బట్టల్లో చుట్టి సాగనంపారట. మోసుకెళ్ళిన పెట్టె మళ్ళీ మసీదుకి తిరిగొచ్చేసింది. "ఎంత శుభ్రంగా ఉందే!" అని అమ్మ చాలాసార్లు తలుచుకునేది. మన లింగాయతుల్లోనూ కూర్చోబెట్టి, విభూతి, మారేడు దళాలు వేసి మట్టిలోనే కలుపుతారు కదా! అంటే ఇది కొత్త వింతేమీ కాదు.

తమ్ముడు ఒప్పుకోలేదు. "చీమకుర్తి నల్లరాయి వేయించలేని కొడుకునా నేను?" అని బాధపడ్డాడు.

అప్పుడు నేను కాస్త చదివి తెలుసుకున్నాను. కూర తొక్కలు పాలిథిన్ సంచిలో మూటగట్టి పెడితే రెండ్రోజుల్లో కంపు కొడతాయి. అవే పెరట్లో గుంట తీసి కప్పితే కొన్నాళ్ళకి నల్లటి ఎరువవుతాయి. గాలీ, తడీ, మట్టిలోని సూక్ష్మజీవులూ చేసే పని అది. పైమట్టిలోనే అవి ఎక్కువ, లోతుకి పోయేకొద్దీ తగ్గుతాయి. అందుకే ప్రకృతి సమాధులకి ఆరడుగులు కాకుండా మూడు, నాలుగడుగులే తవ్వుతారు. పైన కనీసం అడుగున్నర మట్టి ఉంటే వాసన రాదు, జంతువులు తవ్వవు. బావులకీ చెరువులకీ దూరంగా ఉండటం మాత్రం ముఖ్యం. వార్నీషు, పాలిస్టరు, సిమెంటు ఇవన్నీ మట్టి పనికి అడ్డమే. శరీరం చెడకుండా ఎక్కించే మందులో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ఆ పని చేసేవాళ్ళ సంగతి కూడా ఆలోచించాలి కదండీ!

ఇంగ్లండులోని కార్లైల్ శ్మశానవాటికలో 1993లో కెన్ వెస్ట్ అనే అధికారి సమాధి రాళ్ళకు బదులు చెట్లు నాటించే పద్ధతి మొదలుపెట్టారు. ఇప్పుడు బ్రిటన్‌లో అలాంటి చోట్లు రెండువందలకు పైగా ఉన్నాయి.

2024 జనవరిలో అమ్మ పోయింది. తమ్ముడు బెంగళూరు నుంచి రావాలని ఒక్క రాత్రి ఐసు పెట్టెలో ఉంచాం, మందులేవీ ఎక్కించలేదు. వడ్రంగి మామిడి చెక్కతో రంగు లేని పెట్టె చేశాడు. పిడుల బదులు కొబ్బరితాళ్ళు కట్టాడు. జరీ లేని మంగళగిరి నూలు చీర కట్టాం. చీరకి కుట్టిన ఫాల్ పాలిస్టరు గుడ్డని గుర్తొచ్చి, కూచుని విప్పేశాను. ఆ కుట్లు విప్పుతున్నంతసేపూ అమ్మతో మాట్లాడుతున్నట్టే ఉంది.

అన్నీ మేం అనుకున్నట్టు జరగలేదు. సమాధుల తోట పెద్దలు లోతు తగ్గించడానికి ఒప్పుకోలేదు. వేళ్ళు పక్క సమాధుల్లోకి పోతాయని చెట్టూ వద్దన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, చామంతులు వేసుకున్నాం. మా మేనత్త మాత్రం, "ఇంత పేదగానా సాగనంపేది?" అంది. తమ్ముడు తల దించుకుని, "అమ్మ అడిగింది అత్తా" అన్నాడు. అంతకంటే ఏం చెప్తాడు?

2025 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ చనిపోయినప్పుడు, ఆయన కోరినట్టే నేలలో, అలంకారాలు లేకుండా, పేరు మాత్రం చెక్కిన సమాధి చేశారని వార్తల్లో చూశాం. అది ప్రకృతి సమాధి కాదు గానీ, ఆడంబరం లేకపోతే గౌరవం తగ్గదని తేలింది. ఆ రోజు తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అమ్మకి పేరు చెక్కిన చిన్న రాయి ఒక్కటి పెడదామా?" అన్నాడు. పెట్టాం. వాడి మనసూ ఊరట పడాలిగా!

దహనం చేసే ఇళ్ళవాళ్ళకీ ఇందులో పనికొచ్చేది ఉంది. నైలాన్ బట్టలు, ప్లాస్టిక్ పూలు మానేసినా చాలు. అన్నిటికంటే ముఖ్యం, మీ కోరిక మీ చేత్తో రాసిపెట్టండి, నలుగురున్నప్పుడు చెప్పండి. విమానంలో తీసుకురావాల్సి వస్తే సాధారణంగా మందు ఎక్కించక తప్పదు కాబట్టి, దూరాన ఉన్న పిల్లలతో ముందే మాట్లాడుకోండి. ఏ చీర కట్టాలో కూడా రాయండి. నాది నేను రాసి, బీరువాలో రేషను కార్డు పక్కనే పెట్టాను.