వంత అడిగే ప్రశ్న

వాగ్గేయకారుడంటే మన సాహిత్య చరిత్రలకు చాలాకాలం అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్యలే. మాటా, పాటా ఒక్కరివే కావటం ఆ పదానికి అర్థమైతే, సుద్దాల హనుమంతూ, బండి యాదగిరీ, 2023లో మరణించిన గద్దరూ వాగ్గేయకారులే. గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు 2021 సంవత్సరపు సాహిత్య అకాడమీ బహుమతి లభించటంతో ప్రజల పాట అధికార గౌరవం కూడా పొందింది. సంతోషించవలసిందే. కాని తరగతి గదిలోకి వచ్చిన పాటను మేము అధ్యాపకులం ఏం చేస్తున్నాం? వస్తువు, రూపం, ప్రతీకలు అని విడదీసి పద్యంలాగానే చెబుతున్నాం. కాగితం మీదికి రానిది ఒకటి మిగిలిపోతున్నది. అది వంత.

నాట్లు వేసే స్త్రీలలో ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. బుర్రకథలో కథకునికి రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. వారి పని ‘తందాన’ అనటంతో తీరదు. కథకు అడ్డుతగిలి, సందేహం అడిగి, హాస్యమాడి, జనం మనస్సులోని మాటను పైకి తెస్తారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి చేతిలో, నాజర్ గళంలో బుర్రకథ అంత బలమైన ఆయుధం కావటానికి యిదొక ముఖ్య కారణం.

పోయిన చలికాలంలో అబ్దుల్లాపూర్‌మెట్‌లో యీ సంగతి నాకు మరింత స్పష్టంగా బోధపడింది. తమ పాటలు తామే కట్టుకొని ఊరూరా పాడే దళమొకటి వచ్చింది. నలుగురు మనుషులు, ఒక డప్పు, ఒక డోలక్. విజయవాడ రోడ్డు పక్కన ఖాళీ ప్లాటే వేదిక. పాటల్లో దుక్కులున్నాయి, చెరువులున్నాయి, మోట బావులున్నాయి. చుట్టూ మాత్రం హద్దురాళ్లు, గోదాములు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు అక్కడికి దగ్గరలోని బాటసింగారానికి తరలింది. ఆనాటి శ్రోతల్లో హమాలీలే ఎక్కువ.

మూడో పాట కాగానే ఒక ముసలి హమాలీ లేచి నిలబడ్డాడు. “తమ్మీ, పొలం పాటలు మంచిగున్నయి. నాకు పొలమెక్కడిది? పెట్టెలు మోసేటోని పాట లేదా?” అన్నాడు.

గాయకుడు డప్పు కింద పెట్టాడు. “లేదు కాకా. నువ్వు చెప్పు, కడత” అన్నాడు. లారీలు ఏ వేళకు వస్తాయి, పెట్టె ఎంత బరువుంటుంది, మోతకు ఎంత ముడుతుంది అని అడుగుతూ కూర్చున్నాడు. పాట కోసం వచ్చిన కుర్రవాళ్లు కొందరు విసుగెత్తి వెళ్లిపోయారు. తక్కినవారు దగ్గరికి జరిగి, ముసలాయన చెప్పేదాన్ని సరిదిద్దటం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం పాట కట్టటం పూర్తికాలేదు. అయినా నేను విన్న పాటలన్నింటికంటె ఆ సంభాషణే విలువైనదని నా అభిప్రాయం.

ఎందుకంటే, ప్రశ్నించే వంత పోయిన పాటలో గజ్జెలుంటాయి, గొంగడి వుంటుంది, జీవం వుండదు. 2014 తర్వాత తెలంగాణ సాంస్కృతిక సారథిలో వందలాది కళాకారులకు ఉద్యోగాలు దొరికాయి. కళాకారునికి జీతం దొరకటాన్ని నేను తప్పుపట్టను. ఆకలి మీద పాట నిలవదు. కాని పథకాల గుణగానం చేసే పాటకు, “నాకు అందలేదు” అనే వంతను చేర్చే వీలుంటుందా? ప్రభుత్వ వేదికను మాత్రమే యిలా అడిగి వూరుకోవటం న్యాయం కాదు. మన సభల్లో కూడా కోరస్ అంటే తలవూపటమే అయిపోతున్నది. ప్రజల పాటను విమర్శించేవారు దానిలో ఎన్ని ప్రతీకలున్నాయో లెక్కించేముందు, వినేవాడు లేచి అడగటానికి అందులో చోటున్నదా అని చూడాలి.