క్లాంప్ వేశాక

1974లో గుండె ఆపరేషన్ కోసం అక్కినేని నాగేశ్వరరావు అమెరికా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు హైదరాబాద్ కొండరాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసింది, 1988లో జూబ్లీహిల్స్‌కి అపోలో వచ్చింది. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఆసుపత్రులకు కొదవలేదు. వాటిలో ఒకదానిలో, పేరు రాయనని మాటిచ్చి, రోబోతో కిడ్నీ ఆపరేషన్ చూశాను.

పేషెంటు కిడ్నీలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ. కిడ్నీని ఉంచి గడ్డను మాత్రమే తియ్యాలి. పార్షియల్ నెఫ్రెక్టమీ అంటారు. సర్జన్‌గారు బల్ల దగ్గర లేరు. గది మూల కన్సోల్‌లో తల దూర్చి, చెప్పులు విడిచి పెడల్స్ మీద పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. రోబో తనంతట తానుగా ఏమీ చెయ్యదు, ఆయన వేలు కదిలితేనే లోపల పనిముట్టు కదులుతుంది. బల్ల పక్కన సక్షన్ పట్టుకుని, క్లిప్పులు అందిస్తున్నది జూనియర్ డాక్టరమ్మ.

కిడ్నీకి రక్తం తెచ్చే ధమనికి బుల్‌డాగ్ క్లాంప్ వెయ్యగానే సిస్టర్ టైమర్ నొక్కింది. ఇక తొందరే. సాధారణంగా 25 నిమిషాలు హద్దుగా పెట్టుకుంటారు. అది దాటేకొద్దీ మిగిలిన కిడ్నీకి చేటు. ఈలోగా గడ్డను పూర్తిగా కోసి తియ్యాలి, లోపలి పొర కుట్టాలి, పై పొర కుట్టాలి. ఈ మెషీన్‌లో దారం బిగువు చేతికి తెలియదు, కంటితోనే పోల్చుకోవాలి. (2024లో వచ్చిన డావించి 5 రోబోలో కొంత స్పర్శ తెలుస్తుందట. ఇక్కడున్నది పాతది.) పద్దెనిమిదో నిమిషంలో క్లాంప్ తీశారు.

"మొదట్లో నాకూ ముప్పై దాటేవండీ," అన్నారాయన తర్వాత టీ తాగుతూ.

2019లో యూరోపియన్ యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పిందీ ఇదే. సర్జన్ చేసిన కేసులు 150కి చేరేదాకా క్లాంప్ సమయం తగ్గుతూ వచ్చింది. కాంప్లికేషన్లు మాత్రం 300 కేసుల తర్వాత కూడా ఇంకా తగ్గుతూనే ఉన్నాయి. కిడ్నీ మొత్తం తీసేసే ఆపరేషన్‌లో రోబో గొప్పేమీ లేదు. 2017లో జామా పత్రిక 23,753 మంది అమెరికా రోగుల లెక్కలు వేస్తే, పెద్ద కాంప్లికేషన్లలో రోబోకీ మామూలు లాప్రోస్కోపీకీ తేడా కనబడలేదు. నాలుగు గంటలు దాటిన ఆపరేషన్లు మాత్రం రోబోతో 46.3 శాతం, లాప్రోస్కోపీతో 25.8 శాతం. ఖర్చూ ఎక్కువే. అయినా మనవాళ్లు కౌంటర్ దగ్గర మెషీన్ ఏ మోడలని అడుగుతారు. ఎవరు చేస్తారు, ఇప్పటికి ఎన్ని చేశారు, క్లాంప్ ఎన్ని నిమిషాలుంటుంది అని అడిగేవాళ్లు నాకు కనబడలేదు. సినిమా బాగుంటే కెమెరా కంపెనీకి దండ వేసినట్టుంది.

మరి కొత్తవాళ్లు నేర్చుకునేది ఎలా? ముందు సిమ్యులేటర్, తర్వాత బల్ల పక్కన సాయం, ఆ తర్వాత గురువు రెండో కన్సోల్‌లో ఉండగా పైపైన ఉన్న చిన్న గడ్డలు. ఇవాళ పై పొర కుట్లలో కొన్ని డాక్టరమ్మే వేసిందని అప్పుడు తెలిసింది. బాగానే వేసిందట. ఆ సంగతి పేషెంటుకు ముందే చెప్పారా అని అడిగాను.

"కన్సెంట్ ఫారంలో 'సర్జన్, వారి బృందం' అని ఉంటుందండీ," అన్నారు.