కన్యాకుమారి తమిళనాడులో ఎందుకు కలిసింది?

కన్యాకుమారి జిల్లాలోని పద్మనాభపురం రాజప్రాసాదాన్ని నేటికీ కేరళ పురావస్తు శాఖే చూసుకుంటోంది. 18వ శతాబ్ది చివరిదాకా తిరువాన్కూరు రాజధాని అదే మరి. 1741లో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ డచ్చివారిని ఓడించిన కొలచెల్ కూడా ఇక్కడిదే. ఒక రాజ్యానికి పుట్టినిల్లయిన ఈ నేల 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, మద్రాసు రాష్ట్రంలో కలిసింది. జనం మాట్లాడేది తమిళం కాబట్టి కలిసిందంటారు. నిజమే, కానీ ఆ ఒక్క కారణం చాలదు. తరతరాలుగా తమిళం మాట్లాడుతూనే వాళ్లు తిరువాన్కూరు రాజుల ఏలుబడిలో ఉన్నారు. ఆ భాష రాజకీయ కోరికగా మారిందంటే దాని వెనక సమానత్వం కోసం సాగిన సుదీర్ఘ పోరాటం ఉంది. ఒంటిమీద పైబట్ట కప్పుకునే హక్కు కోసం నాడార్ స్త్రీలు దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859లో గానీ రాజు దిగిరాలేదు. అన్ని కులాల హిందువులకూ గుడి తలుపులు తెరుచుకోవడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది. ఓటు చేతికొచ్చాక ఆ జ్ఞాపకాలన్నీ ‘మా పాలన మా భాషలో’ అన్న కోరికలో చేరాయి. 1945లో నాగర్‌కోయిల్‌లో మొదలై, తర్వాత న్యాయవాది నేశమణి నడిపించిన తిరువాన్కూరు తమిళనాడు కాంగ్రెస్‌కు బలం అదే.

ఇది ఒక కులం ఆరాటమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. అలాగైతే ఆ పార్టీ ఎక్కడో కొండలమీది దేవికుళం, పీర్‌మేడు తేయాకు తోటల కూలీల కోసం ఎందుకు పోరాడింది? వాళ్లలో ఎక్కువమంది దళితులు. 1954లో నేశమణి అరెస్టయింది ఆ కొండల్లోనే. ఆ ఆగస్టు 11న మార్తాండం, పుదుక్కడైలలో పోలీసులు జనంమీద కాల్పులు జరిపారు. అప్పుడు గద్దె మీద ఉన్నది పట్టం థాను పిళ్లై సోషలిస్టు ప్రభుత్వం. అది దిగిపోవాలని సొంత పార్టీ నాయకుడు రామమనోహర్ లోహియా జైలునుంచే కోరారు. సమానత్వం పేరుతో వచ్చిన ప్రభుత్వమే తుపాకి పట్టాక రాజీకి దారి మిగల్లేదు.

సరిహద్దు గీయడంలోనూ భాష ఒక్కటే తీర్పు చెప్పలేదు. అగస్తీశ్వరం, తోవాళ, కల్కుళం, విళవంకోడు తాలూకాలు, చెంకోటలో కొంత భాగం మద్రాసుకు వచ్చాయి. తమిళులే ఎక్కువగా ఉన్న దేవికుళం మాత్రం కేరళలో ఉండిపోయింది. కూలీలు వచ్చిపోయేవాళ్లన్న వాదన నెగ్గింది. తరాలుగా ఆ తోటలను పెంచినవాళ్లను వలసజనంగా లెక్కగట్టడం అన్యాయమే.

తమిళం కోసం ఇంత పోరాడిన జిల్లా ద్రావిడోద్యమానికి కంచుకోట అవుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. 1967లో డీఎంకే ప్రభంజనంలో కాంగ్రెస్ కొట్టుకుపోయి, కామరాజ్ విరుదునగర్‌లో ఓడినప్పుడు, నాగర్‌కోయిల్ కాంగ్రెస్ అభ్యర్థి నేశమణినే లోక్‌సభకు పంపింది. ఆయన మరణించాక, 1969 ఉపఎన్నికలో కామరాజ్‌ను గెలిపించింది.